కవలలని మురిసిపోతే చాలదు!

జంట అరటిపండు తింటే కవలలు పుడతారని మా నాయనమ్మ మమ్మల్ని తిననిచ్చేది కాదు. పెళ్ళి కావలసిన పిల్లలు కూర్చున్న చోట అత్తం విప్పితే ముందు జంట పండు వెతికి, తీసి పక్కన పెట్టేది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. కానీ 2024 మార్చిలో మా అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, స్కానింగ్‌లో ఇద్దరని చెప్పారే" అనగానే నాకు మొదట గుర్తొచ్చింది ఆవిడే. ఆ రోజు ఇరుగు పొరుగు ఇళ్ళకు బెల్లం ముక్కలు పంచాను. "ఒక్క కాన్పుతో రెండు పనులూ అయిపోయాయి పిన్నీ" అని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ రిపోర్టులో ఒక్క మాట తక్కువైందని అప్పుడు మాకెవరికీ తెలియదు. ఆ మాట గురించే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. మాకు వచ్చిన కష్టం చెప్పుకుని సానుభూతి పొందాలని కాదు. కవలల కాన్పులు ఎక్కువవుతున్న ఈ రోజుల్లో, జగ్గయ్యపేట, నందిగామ లాంటి చిన్న ఊళ్ళలో ఉండే మనం ఏం తెలుసుకోవాలో, ప్రభుత్వాన్ని ఏం అడగాలో మనలో మనం మాట్లాడుకోవాలని.

ఎందుకు ఎక్కువవుతున్నారు?

మన పెద్దలు నమ్మినట్టు ఇది అరటిపండు మహిమ కాదు. 1980ల నుంచి ఇప్పటిదాకా ప్రపంచంలో కవలల కాన్పులు మూడో వంతు పెరిగాయని 2021లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం లెక్క తేల్చింది. వెయ్యి కాన్పుల్లో తొమ్మిది ఉన్నవి పన్నెండయ్యాయి. ఏటా 16 లక్షల కవల జంటలు పుడుతున్నాయి. ఆలస్యంగా తల్లులు కావడం ఒక కారణం. పిల్లల కోసం వాడే మందులు, టెస్ట్‌ట్యూబ్ పద్ధతి ఇంకో కారణం.

మన రాష్ట్రంలోనే 2019 సెప్టెంబర్ 5న గుంటూరులో 73 ఏళ్ళు పైబడిన ఒకావిడ టెస్ట్‌ట్యూబ్ పద్ధతిలో గర్భం దాల్చి, ఆపరేషన్‌తో కవల ఆడపిల్లల్ని కన్నారు. ప్రపంచమంతా ఆ వార్త చదివింది. కొందరు దండలు వేశారు, కొందరు ఇదెక్కడి వైద్యమని నిలదీశారు. ఆ తర్వాత వచ్చిన 2021 చట్టం ఇలాంటి చికిత్సకు ఆడవాళ్ళకు 50 ఏళ్ళు, మగవాళ్ళకు 55 ఏళ్ళు హద్దు పెట్టింది. ఇది మంచి పనే. కానీ హద్దు లోపల ఉన్న పాతికేళ్ళ అమ్మాయికి కూడా కవలల గర్భం మామూలు గర్భం కాదు. ఆ సంగతి మాత్రం మనకు ఎవరూ విడమరిచి చెప్పడం లేదు.

పెరట్లో బోదె, కడుపులో మాయ

కవలల్లో రెండు రకాలున్నారని మనకు తెలుసు. అచ్చుగుద్దినట్టుండే వాళ్ళు, అక్కాచెల్లెళ్ళలా వేరువేరుగా ఉండేవాళ్ళు. డాక్టర్లకు మాత్రం పోలికల కన్నా ముఖ్యమైంది ఇంకొకటుంది. కడుపులో మాయ ఒకటా, రెండా? ఎవరి మాయ వాళ్ళకుంటే కొంత నిశ్చింత. ఇద్దరికీ ఒకే మాయ ఉంటే మాత్రం కత్తి మీద సామే.

మా ప్రాంతం వాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. సాగర్ ఎడమ కాలువ చివరి భూములు మావి. ఒకే బోదె కింద రెండు మడులుంటే ఏమవుతుందో మాకు చెప్పక్కర్లేదు. మాయ ఒకటే అయినప్పుడు దాని లోపల రక్తనాళాలు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. చాలామందిలో ఇచ్చిపుచ్చుకోవడం సరిసమానంగా సాగిపోతుంది. నూటికి పది, పదిహేను మందిలో మాత్రం లెక్క తప్పుతుంది. ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డకు పోతూ ఉంటుంది. ఇచ్చే బిడ్డ ఎండిపోతుంది. ఒంట్లో నీరు తగ్గి, మూత్రం తగ్గి, చుట్టూ ఉమ్మనీరు ఇంకిపోతుంది. పుచ్చుకునే బిడ్డ అయినా బాగుపడుతుందా అంటే అదీ లేదు. మోయలేనంత రక్తంతో గుండె అలిసిపోతుంది. దాని చుట్టూ ఉమ్మనీరు చెరువై నిండుతుంది. కింద మడి ఎండి చస్తుంది, పై మడి మునిగి చస్తుంది. వైద్యం చేయకపోతే ఇద్దరూ దక్కని సందర్భాలే ఎక్కువ.

మాయ ఒకటా రెండా అన్నది బాగా తెలిసేది మూడో నెల స్కానింగ్‌లో, అంటే 11 నుంచి 14 వారాల మధ్య. నెలలు పెరిగేకొద్దీ కనిపెట్టడం కష్టం. మా అమ్మాయి మొదటి రిపోర్టులో 'కవలలు, గుండెలు కొట్టుకుంటున్నాయి' అని మాత్రమే రాశారు. మాయ సంగతి రాయలేదు. మేమూ అడగలేదు. ఏమని అడుగుతాం? ఆడో మగో చెప్పమని అడిగే వాళ్ళకు అది చట్టం ఒప్పదని బోర్డు పెట్టి చెబుతారు. మాయ ఒకటా రెండా అని అడగమని చెప్పే బోర్డు నేను ఎక్కడా చూడలేదు.

"కవలలు కదా, పొట్ట అంతే ఉంటుంది"

అయిదో నెల వచ్చేసరికి అమ్మాయికి పొట్ట ఒక్కసారిగా పెరిగింది. వారం రోజుల్లో జాకెట్లు పట్టలేదు. పడుకుంటే ఆయాసం, కూర్చుంటే పొట్ట బిగుసుకుపోవడం. అందరం ఒకటే మాట అన్నాం. "కవలలు కదా, పొట్ట అంతే ఉంటుంది." నేనన్నాను, మా వియ్యపురాలు వదినగారూ అన్నారు. ఫోన్లో మా ఆడపడుచు కూడా అంది.

అడ్డం పడింది మా ఊరి ఆశా కార్యకర్త. ఆ పిల్ల ఇంటికొచ్చి మా మాటలు విని, "అమ్మగారూ, వారంలో ఇంత పెరగడం మంచిది కాదు. రేపే విజయవాడ తీసుకెళ్ళండి, ఎల్లుండి దాకా ఆగొద్దు" అంది. ఏ పెద్ద చదువూ లేని ఆ పిల్ల మాటే మా పిల్లల్ని కాపాడిందని ఇప్పటికీ అనుకుంటాను.

విజయవాడలో స్కానింగ్ చేసిన డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత కాగితం మీద బొమ్మ వేసి చూపించారు. మాయ ఒకటే. ఒకడి చుట్టూ నీరు నిండుగా ఉంది. రెండోవాడి చుట్టూ దాదాపు లేదు. "రెండు వారాలకోసారి చూడాల్సిన కేసు ఇది. పదహారో వారం నుంచే చూడాల్సింది" అన్నారు. ఎవర్నీ తిట్టలేదు. ఆ రాత్రే హైదరాబాద్ వెళ్ళమని చీటీ రాశారు.

అక్కడ చేసిన వైద్యం పేరు లేజర్. పొట్ట కోయరు. సన్నటి గొట్టం లోపలికి పంపి, అందులోంచి చూస్తూ, మాయ మీద కలిసిపోయిన రక్తనాళాలను లేజర్‌తో మాడ్చేస్తారు. రెండు మడుల మధ్య గట్టు వేసినట్టన్నమాట. ఇది 16 నుంచి 26 వారాల మధ్యలో చేసే పని. యూరప్ దేశాల్లో జరిపిన పరిశోధన ఫలితాలు 2004లో వెలువడ్డాయి. అదనపు నీటిని సూదితో తీసే పాత పద్ధతిలో కనీసం ఒక్క బిడ్డైనా దక్కిన తల్లులు నూటికి 56 మంది. లేజర్ చేయించుకున్న వాళ్ళలో 76 మంది. నూటికి నూరు కాదని గమనించండి. సంతకం పెట్టేముందు ఆ సంగతి మాకూ చెప్పారు. మా అల్లుడు గారి చెయ్యి వణికింది. "అత్తయ్యగారూ, పెట్టనా?" అని నావైపు చూశాడు. పెట్టమన్నాను. ఇంకేమంటాను?

వీణా-వాణిల రోడ్డు

హైదరాబాద్ వెళ్తూ ఆ రాత్రి సూర్యాపేట దాటాం. ఈ రోడ్డు మీద సూర్యాపేట పేరు వినగానే నాకు వీణా-వాణి గుర్తొస్తారు. 2003 అక్టోబర్‌లో అక్కడే పుట్టారు, తలలు అతుక్కుని. కొన్నాళ్ళు గుంటూరు ఆసుపత్రిలో, ఆ తర్వాత ఏళ్ళ తరబడి హైదరాబాద్ నిలోఫర్‌లో, ఆపైన ప్రభుత్వ హోంలో పెరిగారు. విడదీసే ఆపరేషన్ గురించి ఎన్ని దేశాల డాక్టర్లు ఎన్ని మాటలు చెప్పినా అది జరగలేదు. ఆ ఇద్దరూ చదువు మానలేదు. 2020లో టెన్త్, 2022లో ఇంటర్ పాసయ్యారు.

ఒకే మాయ కవలల్లో అన్నిటికన్నా అరుదైన చిక్కు అదే. పిండం రెండుగా విడిపోవడం ఆలస్యమైన కొద్దీ పిల్లల మధ్య తెరలు తగ్గిపోతాయి. మొదటి మూడు నాలుగు రోజుల్లో విడిపోతే ఎవరి మాయ వాళ్ళకు. ఇంకా ఆలస్యమైతే మాయ ఒకటి, ఉమ్మనీటి సంచులు రెండు. అంతకన్నా ఆలస్యమైతే సంచి కూడా ఒకటే. అప్పుడు బొడ్డుతాళ్ళు మెలిపడే ప్రమాదం ఉంటుంది. దాదాపు రెండు వారాలు దాటితే దేహాలే పూర్తిగా విడిపోవు. ఇందులో తల్లి చేసిన తప్పేమీ లేదు. గ్రహణం రోజు కూరగాయలు తరిగినందుకు వచ్చింది కాదు. ఇవాళ ఇవన్నీ మూడో నెల స్కానింగ్‌లోనే చాలావరకు తెలుస్తాయి. తెలుసుకుంటే కుటుంబానికి ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. తెలియకపోతే కాన్పు గదిలో పిడుగు పడ్డట్టవుతుంది.

ఏడో నెల, ఎనిమిదో నెల

లేజర్ పని చేసింది. కానీ డాక్టర్లు ముందే చెప్పారు, నెలలు నిండవు అని. అసలు కవలల్లో సగం మందికి పైగా 37 వారాలు నిండకుండానే పుడతారు. 2020లో ప్రపంచంలో 1 కోటి 34 లక్షల మంది నెలలు నిండకుండా పుట్టారు. అందులో 30 లక్షల మంది మన దేశపు బిడ్డలే.

ఇక్కడే మనకో పాత నమ్మకముంది. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అని. ఇది శుద్ధ అబద్ధం. కడుపులో గడిచిన ప్రతి వారమూ బిడ్డకు బలమే. ఈ నమ్మకంతో ఎనిమిదో నెలలో నొప్పులొచ్చిన వాళ్ళను ఆశ వదులుకుని ఇంట్లోనే ఉంచిన కథలు మా అమ్మ చెప్పేది. ఇంకో ఆచారం, ఏడో నెలలో సీమంతం చేసి పుట్టింటికి పంపడం. ప్రేమతో చేసేదే. కానీ సరిగ్గా ప్రమాదం మొదలయ్యే రోజుల్లోనే అమ్మాయి ఊరు మారుతుంది, డాక్టరు మారుతుంది. పాత రిపోర్టులు అత్తారింటి బీరువాలో ఉండిపోతాయి. పంపవద్దని నేననను. పసుపు కుంకుమలతో పాటు ఫైలు కూడా ఒళ్ళో పెట్టి పంపమంటున్నాను.

పూర్తిగా మంచం మీద పడుకోబెడితే కాన్పు ఆగుతుందనేది కూడా నమ్మకమే తప్ప నిజం కాదు. అందరు కవలల తల్లులకూ అది మేలు చేస్తుందని పరిశోధనల్లో తేలలేదు. అంతకన్నా మేలు చేసేది ఇంకొకటుంది. 34 వారాల లోపల కాన్పు వచ్చేట్టుంటే తల్లికి ముందుగా వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి ఇది. న్యూజిలాండ్‌లో ఇద్దరు డాక్టర్లు 1972లోనే దీన్ని నిరూపించారు. ఖరీదు కూడా తక్కువే. మన దేశంలో 2014 నుంచి ఉన్న మార్గదర్శకాల ప్రకారం, పెద్దాసుపత్రికి పంపేముందు మొదటి డోసు ఏఎన్నెమ్మ కూడా వేయవచ్చు. దాని గుణం కనబడాలంటే ఒక రోజైనా వ్యవధి కావాలి. అందుకే "నొప్పులు బాగా రానీ, అప్పుడు బయల్దేరదాం" అనేది కవలల విషయంలో పనికిరాని మాట. మా అమ్మాయికి ఆ ఇంజెక్షన్లు సమయానికి పడ్డాయి. పిల్లల మెదడుకు రక్షణగా మెగ్నీషియం సెలైన్ కూడా ఎక్కించారు.

మున్నేరు ఇటు, పాలేరు అటు

మా చిల్లకల్లు హైవే మీద ఊరు. టోల్‌గేటుంది, రాత్రీ పగలూ లారీలు పోతుంటాయి. 2005లో మొదలైన 108 ఉంది. ఇంకేం భయమనిపిస్తుంది. కానీ విజయవాడ డెబ్బై కిలోమీటర్లు. మధ్యలో మున్నేరుంది. 2023 జూలైలో ఐతవరం దగ్గర మున్నేరు నీళ్ళు హైవే మీదికొచ్చి రాకపోకలు ఆగిపోయాయి. ఆ సంగతి గుర్తు పెట్టుకుని డాక్టరమ్మ మమ్మల్ని 28వ వారానికే విజయవాడ వచ్చి ఉండమన్నారు. ఆసుపత్రికి దగ్గర్లో ఒక గది అద్దెకు తీసుకున్నాం. కవలలు ఆగస్టు మధ్యలో, 32వ వారంలో పుట్టారు. పెద్దవాడు కిలో 650 గ్రాములు, చిన్నవాడు కిలో 180.

ఆగస్టు నెలాఖరున బట్టలకనీ డబ్బులకనీ నేను ఊరొచ్చాను. వాన మొదలైంది. సెప్టెంబర్ 1న ఐతవరం దగ్గర మున్నేరు మళ్ళీ రోడ్డెక్కింది. ఇటు గరికపాడు దగ్గర పాలేరు వంతెన దెబ్బతిని కోదాడ వైపు దారి పోయింది. అటు బుడమేరు విజయవాడలో ఇళ్ళను ముంచింది. మా ఊరు మధ్యలో దీవి. పిల్లలు అక్కడ అద్దాల పెట్టెలో, నేను ఇక్కడ వరండాలో. నీళ్ళు తగ్గేదాకా ఫోన్ చేతిలోంచి దించలేదు. వాళ్ళు ఆసుపత్రిలో క్షేమంగానే ఉన్నారు. కానీ నన్ను కుదిపేసింది ఇంకో ఆలోచన. డాక్టరమ్మ మాట వినకుండా అమ్మాయిని ఇంట్లోనే ఉంచి, సరిగ్గా ఆ రాత్రే నొప్పులొచ్చి ఉంటే? మా దగ్గర గది అద్దెకు డబ్బులున్నాయి. మిరప కోతకు వెళ్ళే తల్లికి ఉన్నాయా?

ఏం అడుగుదాం?

ఆంధ్రప్రదేశ్‌లో 2018-20 లెక్కల ప్రకారం లక్ష కాన్పులకు 45 మంది తల్లులు పోతున్నారు. దేశంలో ఆ సంఖ్య 97. మనం బాగానే నడిచాం, కాదనను. కానీ ఇక మిగిలిన ప్రాణాలన్నీ ఇలాంటి అరుదైన చిక్కుల్లోనే దాగి ఉన్నాయి. వాటిని దాటడానికి కోట్ల రూపాయల యంత్రాలకన్నా ముందు చిన్న పనులు కొన్నున్నాయి.

మొదటిది, తల్లీబిడ్డల కార్డులో కవలలని రాసే చోటే మాయ ఒకటా రెండా అన్న గడి ఉండాలి. అది నింపని రిపోర్టు చెల్లదనాలి. మాయ ఒకటే అయితే పదహారో వారం నుంచి రెండు వారాలకోసారి స్కానింగ్. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు జరుగుతున్నాయి. ఈ తల్లులకు నెలకొకసారి చాలదు.

రెండోది, గది అద్దెకు తీసుకోలేని తల్లులకు పెద్దాసుపత్రి పక్కన వసతి. ఇది కొత్త కోరికేం కాదు. ఏజెన్సీలో, సాలూరులో, కొండ గ్రామాల గర్భిణులను ముందే దించి వసతి గృహంలో ఉంచిన అనుభవం మన రాష్ట్రానికే ఉంది. వానాకాలంలో మా మెట్ట ఊళ్ళు కూడా కొండల్లాగే తెగిపోతున్నాయి కదా.

మూడోది, పంపే ఆసుపత్రి ముందుగా ఫోన్ చేసి, పసిపిల్లల ప్రత్యేక విభాగంలో రెండు మంచాలు ఖాళీ ఉన్నాయో లేదో కనుక్కుని పంపాలి. ఒక్క మంచం ఉన్న చోటికి కవలల్ని పంపితే ఏం లాభం? 2011 జూన్ నుంచి ఉన్న జననీ శిశు సురక్ష కార్యక్రమం ప్రకారం ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, రక్తం, ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్ళే బండి అన్నీ ఉచితం. అది మన హక్కు. దయ కాదు.

ఇక మన ఇళ్ళలో చేయాల్సినవి. పొట్ట ఒక్కసారిగా పెరిగినా, కాళ్ళూ మొహం వాచి తలనొప్పి వచ్చినా, కళ్ళు బైర్లు కమ్మినా, నీరు పోయినా, బిడ్డల కదలిక తగ్గినా ఆ పూటే ఆసుపత్రి. కాన్పు తర్వాత రక్తస్రావం కవలల తల్లుల్లో ఎక్కువ. అదే గ్రూపు రక్తం ఇచ్చేవాళ్ళిద్దర్ని ముందే చూసి పెట్టుకోవాలి.

పుట్టాక బిడ్డను గుండెల మీద, చర్మానికి చర్మం ఆనించి పడుకోబెట్టుకోవడం. కంగారూ పద్ధతి అంటారు. కొలంబియా దేశంలో 1970ల చివర్లో మొదలైంది. పుట్టిన వెంటనే మొదలుపెడితే తక్కువ బరువు పిల్లల మరణాలు నాలుగో వంతు తగ్గాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపించిన పరిశోధనలో తేలింది. 2021లో వెలువడిన ఆ పరిశోధనలో మన ఢిల్లీ ఆసుపత్రి కూడా ఉంది. తల్లి ఒక్కతే ఇద్దర్ని మోయలేదు. తండ్రీ పట్టుకోవచ్చు, అమ్మమ్మా పట్టుకోవచ్చు. మా అల్లుడు చొక్కా విప్పి చిన్నవాడిని పెట్టుకుంటే నర్సులు ముసిముసిగా నవ్వారు. నాలుగో రోజుకు ఇంకో ఇద్దరు తండ్రులు చొక్కాలు విప్పారు.

చివరిది చాలామంది మరిచిపోయేది. 34 వారాల లోపల గానీ, రెండు కిలోల కన్నా తక్కువ బరువుతో గానీ పుట్టిన బిడ్డకు నెల తిరక్కుండా కంటి పరీక్ష చేయించాలి. లోపల రక్తనాళాలు తప్పుగా పెరిగితే చూపు పోతుంది. వేళకు పట్టుకుంటే లేజర్‌తోనే కాపాడవచ్చు. 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి ఇప్పుడు విజయవాడ దగ్గర తాడిగడపలో కూడా శాఖ ఉంది. బిడ్డ బతికాడని సంబరపడి చూపు పోగొట్టుకోవడం కన్నా దుఃఖం ఏముంటుంది?

మా పిల్లలిద్దరూ ఇప్పుడు ఇల్లంతా తిరుగుతున్నారు. చిన్నవాడు ఇంకా కాస్త సన్నం. ఇద్దరికీ ఒక పళ్ళెంలో పెడితే పెద్దవాడి వాటా కూడా వాడే లాక్కుంటాడు. "కడుపులో ఇచ్చిందంతా ఇప్పుడు వసూలు చేసుకుంటున్నాడమ్మా" అంటుంది మా అమ్మాయి.

మొన్న మా వీధిలో ఒక కోడలు స్కానింగ్ చేయించుకుని వచ్చి, "ఇద్దరట పిన్నీ" అని సిగ్గుపడుతూ చెప్పింది. బెల్లం ముక్క నోట్లో పెట్టాను. ఆ తర్వాత రిపోర్టు చూపించమన్నాను. మాయ సంగతి అందులో రాసి లేదు. "రేపు మళ్ళీ వెళ్ళి రాయించుకురా" అని పంపాను. మీ ఇంట్లో, మీ వీధిలో ఎవరైనా ఆ కబురు చెబితే మీరూ అంతే చేయండి. ముందు తీపి పెట్టండి. వెంటనే ఆ ఒక్క ప్రశ్నా అడగండి.